ధైర్యానికి రశీదు

మీ పక్కన బెంచీ మీద తుపాకీ పడుకుని ఉంది. పాత పంచెలో చుట్టి, మూడు చోట్ల పురికొసతో కట్టారు. మడమ పెద్దాయన తొడ మీద ఉంది, మూతి మీ వైపు ఉంది. మీకు తెలియకుండానే జానెడు పక్కకి జరిగారు. పెద్దాయన అది చూసి నవ్వుతాడు.

"భయపడద్దు సామీ. ఉత్త గొట్టాలే. తూటాలు ఈ సంచిలో ఉండాయి."

ఒళ్లోని గుడ్డసంచిని తట్టి చూపిస్తాడు. లోపల చింతగింజలు కదిలినట్టు చప్పుడు. అంతటితో ఊరుకోకుండా మూతిని గోడ వైపు తిప్పుతాడు. "ఉత్తదైనా మనిషి పక్కకి పెట్టగూడదని మా నాయన చెప్పినాడు" అంటాడు. పంచె మడతల్లోంచి కుట్టుమిషను నూనె వాసన వస్తోంది.

2024 మార్చి నెలాఖరు. అనంతపురం జిల్లాలో ఒక మండల కేంద్రం, పోలీస్ స్టేషను ఆవరణ. పొద్దున పదిన్నరకే వేపచెట్టు నీడ మొదలు దగ్గరికి ముడుచుకుపోయింది. ఎన్నికల కోడ్ 16వ తేదీన కూసింది. పోలింగ్ మే 13న. ఆలోగా లైసెన్సు తుపాకులన్నీ తెచ్చి అప్పజెప్పాలని ఊరూరికీ కబురు వెళ్లింది.

ఆవరణలో రెండు వరుసలున్నాయి. గేటు పక్క వరుస బైండోవర్ కోసం వచ్చినవాళ్లది. పాత గొడవల్లో పేరున్న మనుషులు. ఎన్నికలయ్యేదాకా బుద్ధిగా ఉంటామని తహసీల్దారు ముందు పూచీకత్తు రాసివ్వాలి. చేతులు కట్టుకుని నిలబడ్డారు. చెట్టు కింది వరుస తుపాకులు ఉన్నవాళ్లది. వీళ్లకి కుర్చీలు వేశారు, ఇందాకే టీ కూడా వచ్చింది. రెండు వరుసల్నీ పిలిపించిన భయం ఒకటే. మర్యాదలోనే తేడా.

పెద్దాయన వయసు డెబ్భై ఎనిమిది. పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్న కుర్రాడు ఆయన కూతురి కొడుకు. డాలస్‌లో ఉద్యోగం, మూడు వారాల సెలవు మీద వచ్చాడు. తాతనూ తుపాకినీ కార్లో ఎక్కించుకుని తీసుకొచ్చాడు. "ఇన్నాళ్లూ బస్సులో తెచ్చేవాణ్ని" అంటాడు పెద్దాయన. "కండక్టరు లగేజీ టికెట్టు కొట్టేవాడు. మనిషి టికెట్టు కొట్టాల్సింది. నా ఇంట్లో అదీ ఒక మనిషే కదా."

లోపలి నుంచి పిలుపొస్తుంది.

రైటర్ గది. బల్ల మీద పొడవాటి రిజిస్టరు, లక్క ముద్దలు, అట్టముక్కలు, కరెంటు తీగ తుంపులు. రైటర్ యాభై దాటిన హెడ్ కానిస్టేబుల్. ముడి విప్పమని కళ్లతోనే సైగ చేస్తాడు. పంచె తొలగగానే జంట గొట్టాల ట్వెల్వ్ బోర్ తుపాకీ బయటపడుతుంది. మడమ మీద చెయ్యి ఆనే చోట కర్ర నున్నగా, బెల్లప్పాకం రంగులో మెరుస్తోంది. మీటల దగ్గర చిన్న కుంకుమ మరక కనిపిస్తుంది. ప్రతి దసరాకి ఆయుధపూజ నాడు పడే బొట్టు అది. ఎన్నిసార్లు తుడిచినా గీతల్లో ఉండిపోయింది.

రైటర్ ఒక్క విరుపుతో గొట్టాల్ని మధ్యకి వంచి, కిటికీ వైపు ఎత్తి చూస్తాడు. మీకూ ఇస్తాడు. "చూడండి, శుభ్రంగా పెట్టుకున్నాడు." కన్ను ఆనిస్తే రెండు వెలుగు చక్రాలు పక్కపక్కనే. వాటి చివర వేపాకులు కదులుతున్నాయి. గుండు వెళ్లే దారిలోంచి లోకం ఇంత చక్కగా కనిపిస్తుందని మీరు అనుకోలేదు.

గొట్టం మీది నంబరును ఫోను టార్చి వెలుగులో ఒక్కో అంకే చదువుతాడు. లైసెన్సు పుస్తకంలో నంబరుతో పోలుస్తాడు. తూటాలు బల్ల మీద వరస పెట్టి లెక్కపెడతాడు.

"ఇరవై మూడు. పోయిన ఎలక్షనప్పుడూ ఇరవై మూడే. సరిపోయింది."

"నాయన కొన్నది పాతిక సామీ" అంటాడు పెద్దాయన, ఎవరూ అడక్కుండానే.

ఆ రెండూ ఏమయ్యాయో మీరు అడుగుతారు. రైటర్ రాస్తూనే చిన్నగా నవ్వుతాడు. ఆయనకి తెలిసిన కథే.

"ఒకటి ఆయుధపూజ నాడు మావాడు మిద్దెక్కి ఆకాశంలోకి పేల్చినాడు. ఇంకోటి నేను."

రైటర్ తలెత్తకుండానే అందుకుంటాడు. "మీవాడు అప్పుడు పేల్చాడు కాబట్టి బతికిపోయాడు. 2019లో చట్టం మార్చారు. సంబరానికని పేల్చి జనం ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదంటే లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. మనిషికి మూడు తుపాకులు ఉండొచ్చన్నది కూడా అప్పుడే రెండుకి దించారు."

రెండో తూటా కథ పెద్దాయన నెమ్మదిగా చెబుతాడు. ఫ్యాక్షన్ బాగా ముదిరిన రోజులు. ఒక రాత్రి ఎదురింటి గడ్డివామికి నిప్పు పెట్టారు. తర్వాత మన ఇల్లేనేమో అనిపించింది. పిల్లల్ని గాదె వెనక కూర్చోబెట్టి, మిద్దెక్కి, గాలిలోకి ఒక్కటి కాల్చాడు. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. 

"తుపాకీ పనికొచ్చింది కదా" అంటారు మీరు.

"ఆ రాత్రికి వచ్చింది" అంటాడు. "తెల్లారినాక ఊరంతా తెలిసింది, వీని తావ తుపాకీ ఉండాదని. ఇంగ చూడు సామీ. ఒక పార్టీవాడు వచ్చి అరుగు మీద కూర్చుంటాడు, ఒక్క రాత్రికి ఇయ్యి అన్నా అని. వాడు లేసిపోతానే రెండో పార్టీవాడు. ఇస్తే ఒక శత్రువు, ఇయ్యకపోతే ఇద్దరు. ఇయ్యలేదు. దాన్ని ఇంట్లో ఇడిసిపెట్టి పెండ్లికి పోలేకపోతి, తిరణాలకి పోలేకపోతి. ఎవడన్నా ఎత్తుకపోయి యాడన్నా కాలిస్తే నంబరు నాదే కదా. అది నన్ను కాసింది ఒక్క రాత్రి. నేను దాన్ని కాసింది నలభై ఏండ్లు."

గదిలో ఒక్క క్షణం పెన్ను చప్పుడు కూడా ఆగుతుంది.

ఆ నిశ్శబ్దాన్ని తలుపు దగ్గర నిలబడ్డాయన చెరుపుతాడు. ఖద్దరు చొక్కా, చేతిలో చిన్న లెదరు పౌచి. రోడ్డు మీద పెట్రోలు బంకు ఆయనది. పౌచిలో కాన్పూర్‌లో తయారైన పాయింట్ త్రీటూ రివాల్వరు. "పెద్దాయన మాట పెద్దాయనది. నాది వేరే" అంటాడు. "రాత్రి పదకొండుకి కౌంటరు మూసి, రోజంతటి డబ్బు సంచిలో పెట్టుకుని, పన్నెండు కిలోమీటర్లు ఒక్కణ్నే పోతాను. దారిలో ఒక్క వీధి దీపం లేదు. ఫోన్ చేస్తే మీ జీపు ఎంతసేపటికి వస్తాది రైటరన్నా? నిజం చెప్పు."

రైటర్ చెప్పడు. ఎస్సై గదిలోంచి వస్తాడు. ముప్పై నిండని కుర్రాడు, కోస్తా వైపు యాస. "ఇరవై నిమిషాలు పడుతుందండీ" అంటాడు. "జీపు ఇంకో ఊళ్లో ఉంటే నలభై."

"ఆ నలభై నిమిషాలు నాకెవరు?"

ప్రశ్న గదిలో నిలబడిపోతుంది. ఇక్కడి మనుషులకి అది పేపర్లో చదివిన చర్చ కాదు. సరిగ్గా ఆ నలభై నిమిషాల గురించే దేశాలు రాజ్యాంగాలు రాసుకున్నాయి.

"చట్టం మీకు తోడుంది సార్" అంటాడు ఎస్సై. "ఐపీసీలో 96 నుంచి 106 దాకా సెక్షన్లన్నీ ఆత్మరక్షణ మీదే. మీద పడి చంపబోతుంటే చంపే దాకా హక్కుంది. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి దూరినవాడి మీదా ఉంది. జూలై 1 నుంచి కొత్త న్యాయ సంహిత వస్తోంది. అందులోనూ ఇవే, 34 నుంచి 44. పారిపోయి ప్రాణం దక్కించుకోవాల్సిందేనని ఎక్కడా లేదు. కానీ 99 ఒకటుంది. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. అవసరానికి మించి దెబ్బ కొట్టకూడదు."

"హక్కు ఇచ్చినారు, ఆయుధం తీసుకున్నారు" అంటాడు బంకాయన. "ఈతకి అనుమతి ఇచ్చి బావి పూడ్చినట్టుంది."

గదిలో అందరూ నవ్వుతారు, ఎస్సైతో సహా. ఆ మాటలో ఈ దేశపు కథ మొత్తం ఉంది. ఇక్కడ తనని తాను కాపాడుకోవడం హక్కు, దానికి తుపాకీ వాడుకోవడం మాత్రం అనుమతి. 1878లో తెల్లవాళ్లు తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడి చేతిలో తుపాకీకి లైసెన్సు అడిగింది, దొరల్ని చాలావరకు వదిలేసింది. ఆ కసితోనే 1931లో కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా రాసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ పాత మాట గుర్తుచేసి సవరణ పెట్టాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. ఆ తర్వాత వచ్చింది ఈ 1959 చట్టం. పెద్దాయన లైసెన్సు పుస్తకం మొదటి పేజీలో కనిపించేది ఆ చట్టం పేరే.

"అమెరికాలో ఇదంతా ఉండదు తాతా" అంటాడు డాలస్ మనవడు. ఇంతసేపటికి ఫోను జేబులో పెట్టాడు. "అక్కడ తుపాకీయే హక్కు."

అందరూ అతని వైపు తిరుగుతారు. బంకాయన కుర్చీ లాగి కూర్చోబెడతాడు. కుర్రాడు చెబుతాడు. 1791 నాటి రెండో సవరణ. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం ప్రతి మనిషి హక్కని 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2022లో బ్రూయెన్ కేసులో ఆ హక్కుని గడప దాటించింది. వాళ్ల టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, ఇరవై ఒకటి నిండి చట్టం అడ్డు లేనివాడు ఎవరైనా ఏ లైసెన్సూ లేకుండానే చేతి తుపాకీ నడుముకి పెట్టుకుని తిరగొచ్చు.

"చూసినారా సార్" అంటాడు బంకాయన ఎస్సైతో.

"నువ్వు కొన్నావా?" పెద్దాయన అడుగుతాడు మనవణ్ని.

కుర్రాడు కాస్త ఇబ్బందిగా నవ్వుతాడు. "నేను కొనకూడదు తాతా. నాది హెచ్‌వన్‌బీ. వీసా మీద ఉన్నవాళ్లకి అమ్మకూడదని చట్టం. వేట లైసెన్సు తీసుకుంటే మినహాయింపుంది. గ్రీన్‌కార్డు వచ్చాక కొనొచ్చు."

"అంటే మీ చుట్టూ ఉన్నోళ్లకి ఉండాది, మీకు లేదు."

"అంతే."

పెద్దాయన ఆలోచిస్తాడు. "నాకు ఉండాది, చుట్టూ ఉన్నోళ్లకి లేదు. నాకే నిద్ర పట్టలేదు. నీకెట్ల పడతాది రా?"

కుర్రాడు వెంటనే జవాబు చెప్పడు. 2017 ఫిబ్రవరి 22 గురించి చెబుతాడు. ఆ రాత్రి అతను హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో ఒక బార్‌లో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపారు. మా దేశం నుంచి పొండని అరిచి మరీ కాల్చాడు ఆ మనిషి. అప్పుడు లేచి అతని వెంట పడినవాడు ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్. చేతిలో ఏమీ లేదు. గుండు చెయ్యి దాటి ఛాతీలోకి దిగింది. బతికాడు. "తుపాకీ ఉన్న మంచివాడే తుపాకీ ఉన్న చెడ్డవాణ్ని ఆపుతాడని అక్కడ ఎప్పుడూ అంటారు" అంటాడు కుర్రాడు. "ఆరోజు మనవాళ్ల కోసం లేచినవాడి దగ్గర తుపాకీ లేదు. కానీ బంకు అంకుల్ అడిగింది కూడా తప్పని చెప్పలేను. మా ఫ్రెండు చదువుకుంటూ రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్‌లో పని చేసేవాడు. కౌంటర్ కింద ఓనరు పిస్టలు పెట్టుకునేవాడు. అది అక్కడుంటే ధైర్యంగా ఉండేదట. ఓనరు లేని రోజు అదే భయంగా ఉండేదట."

రైటర్ అట్టముక్క మీద నంబరు రాసి తీగ గుచ్చుతున్నాడు. గొంతు తగ్గించి, ఎవరితోనూ కానట్టు అంటాడు. "మనకు తెలీని కతలా ఇవి? పరిటాల రవి చుట్టూ గన్‌మెన్ లేరా? 2005 జనవరి 24, అనంతపురం, పార్టీ ఆఫీసు, పట్టపగలే చంపేశారు. ఆ కేసులో పేరున్న మద్దెలచెరువు సూరి, 2011 జనవరి 3న హైదరాబాద్‌లో. వెళ్తున్న కార్లో, తన మనిషి చేతిలోనే. తుపాకీకి ఎదురుగా ఉన్నవాడే కనపడతాడు సార్. పక్కన కూర్చున్నవాడు కనపడడు."

బంకాయన తగ్గడు. తగ్గాల్సిన పని కూడా లేదు, అతని దగ్గర అసలైన ప్రశ్న ఇంకా ఉంది. "సరే సార్. నాటు బాంబులు చుట్టేవాడు ఒక్కడన్నా వచ్చి మీకు డిపాజిట్ చేసినాడా? వాని పేరు ఏ రిజిస్టర్లో ఉండాది? రిజిస్టర్లో ఉండేది నేను. చట్టానికి లోబడినోని చేతులు కట్టేసి, లోబడనోణ్ని ఇడిసిపెడితిరి."

ఆ మాటకి లెక్కల బలం ఉంది. స్విట్జర్లాండ్‌లోని స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017 నాటికి వేసిన అంచనా ప్రకారం మన దేశంలో జనం చేతుల్లో దాదాపు 7 కోట్ల 10 లక్షల తుపాకులున్నాయి. వాటిలో రిజిస్టరుకెక్కినవి 97 లక్షలే. ఏడింట ఒకటి. అదే అంచనాలో అమెరికా జనం దగ్గర 39 కోట్లు, మనుషుల కంటే తుపాకులే ఎక్కువ.

"పేరు లేనివాళ్ల కోసం వారం రోజులుగా రాత్రిళ్లు గడ్డివాములు తిరగేస్తున్నామండీ" అంటాడు ఎస్సై. అతని కళ్ల కింద నలుపు అబద్ధం చెప్పడం లేదు. "వాళ్లని పట్టుకోవడం నా పని. మీ రివాల్వరు మీ చేతిలోంచి ఇంకొకడు లాక్కోకుండా చూడటమూ నా పనే. ఎలక్షన్లప్పుడు ఊళ్లో ఒక్క తుపాకీ పేలితే అది ఎవరిదని ఎవరూ అడగరు, ఏ పార్టీదని అడుగుతారు."

"ఊరికే అందరివీ గుంజుకోగూడదని మొన్న అలహాబాద్ హైకోర్టు చెప్పింది కదా."

"చెప్పింది. అందుకే స్క్రీనింగ్ కమిటీ ఉంది. బ్యాంకు గార్డులకి, షూటింగ్ పోటీలకు వెళ్లేవాళ్లకి మినహాయింపు కూడా ఉంది. కారణం రాసి అర్జీ పెట్టుకోండి, నేనే పైకి పంపిస్తాను."

బంకాయన అర్జీ కాగితం తీసుకుంటాడు. రాయడం మొదలుపెట్టి, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాడు. "నాకు ప్రాణభయం ఉండాదని రాయల్లా?" అని అడుగుతాడు. రైటర్ తలూపుతాడు. "ఎవరి వల్లనో కూడా రాయాలి." బంకాయన పెన్ను చాలాసేపు గాలిలోనే ఉంటుంది. ఈ ఊళ్లో అలా ఒక పేరు కాగితం మీద పెట్టడమంటే ఏంటో అతనికి తెలుసు. రివాల్వరు చేయలేని గొడవ ఆ ఒక్క పేరు చేయగలదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటాడు. పౌచి బల్ల మీద పెడతాడు.

"జూన్ 4 కౌంటింగు. 5న వచ్చి తీసుకుంటా."

"ఫలితాలొచ్చిన వారానికి" అంటాడు రైటర్.

"వారమా? గొడవలన్నీ ఆ వారంలోనే కదా అన్నా."

"అందుకే వారం."

ఇప్పుడు పెద్దాయన వంతు. తుపాకీకి అట్టముక్క కట్టి, తీగ మెలేసి, మీద లక్క కరిగించి స్టేషను ముద్ర గుద్దుతారు. లక్క చుక్క ఒకటి కుంకుమ మరక పక్కనే పడుతుంది. రెండు ఎరుపులూ పక్కపక్కన. సెంట్రీ వచ్చి తుపాకీని ఎత్తుకుని ఆయుధాల గదిలోకి తీసుకెళ్తాడు. తాళం తిరిగిన చప్పుడు మీకు వినిపిస్తుంది. పెద్దాయన ఆ వైపే చూస్తున్నాడు. చేతులు మాత్రం ఖాళీ పంచెను మడత పెడుతున్నాయి, అంచుకి అంచు కలిపి.

రైటర్ రశీదు చింపి ఇస్తాడు. నంబరు, బోరు, తూటాలు ఇరవై మూడు, తేదీ, సంతకం. ఆయన దాన్ని కళ్ల దూరంలో పెట్టి చదివి, లైసెన్సు పుస్తకంలో దాచుకుంటాడు.

"మీరూ జూన్ రెండో వారంలో రండి పెద్దాయనా. ఆలస్యం చేయొద్దు."

బయట ఎండ కాగుతోంది. బైండోవర్ వరుస కొంచెం ముందుకు జరిగింది. మనవడు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. పెద్దాయన మెట్టు దిగబోతూ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, కిటికీలోంచి రైటర్‌ని పిలుస్తాడు.

"తొందరేం లేదు సామీ" అంటాడు. "జూన్‌లో మా చెల్లెలి మనవరాలి పెండ్లి ఉండాది, ధర్మవరంలో. పోయొస్తా. ఆ పైన చూద్దాం."

మడతపెట్టిన పంచెను భుజాన వేసుకుని కారెక్కుతాడు. బంకాయన ఇంకా చెట్టు కిందే కూర్చుని ఉన్నాడు. ఈ రాత్రి పన్నెండు కిలోమీటర్ల దారి అతనికి అలాగే ఉంది.